గృహక్రయ సుంక పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
ఇల్లు కొన్నవార లిచ్చిన దొక్కటి
ప్రభుత పుస్తకమునఁ బలుకు నొకటి
రెంటఁ బెద్దదాని రేటుతో గుణియింప
సుంక మగును గొనెడు సుజనులకును

ప్రతిపదార్థం: ఇల్లు = కట్టడం పూర్తయి ధ్రువపత్రం పొందిన నివాసం (కడుతుండగానే బిల్డరు వద్ద కొంటే జీఎస్టీ అదనం; సాధారణంగా 5 శాతం, హైదరాబాదులో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, 45 లక్షల ధర దాటనివాటికి 1 శాతం); కొన్నవారలు + ఇచ్చినది = కొన్నవారు చెల్లించినట్లు దస్తావేజులో రాసిన సొమ్ము; ప్రభుత పుస్తకమునన్ = రిజిస్ట్రేషన్ శాఖ ప్రాంతాలవారీగా నిర్ణయించిన మార్కెట్ విలువల పట్టికలో; రేటుతోన్ = శాతంతో (ఈ అన్యదేశ్యాన్ని యతి కుదిరినందుకు లాక్షణికులు, ఖజానా నిండినందుకు పాలకులు మన్నించారు); సుజనులకును = రిజిస్ట్రేషన్‌కు ముందే చలానా కట్టినవారికి. కట్టనివారి దస్తావేజు రిజిస్టరు కాదు గనుక, ఇది స్తుతి కాదు, నిర్వచనం.

తాత్పర్యం: ఒక ఫ్లాటు బేరం 60 లక్షలకు కుదిరి, పట్టిక దానికి 48 లక్షలే చెప్పినప్పుడు, పెద్దదైన 60 లక్షల మీద 7.5 శాతం, అనగా 4,50,000 రూపాయలు కట్టవలసి వస్తుంది. పట్టిక విలువే ఎక్కువైతే, బేరం ఎంతకు తెగినా లెక్క దాని మీదనే.

పాఠభేదం: 2021 జూలై సవరణ తరువాతి తెలంగాణ పాఠంలో స్టాంపు డ్యూటీ 5.5, స్థానిక సంస్థలకు చెందే బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్ పాఠంలో అవి వరుసగా 5, 1.5, 1 శాతం. పాఠాలు వేరైనా మొత్తం ఒక్కటే కనుక, కొనేవాడికి అర్థభేదం లేదు.

విశేషం: ధర 50 లక్షలు, ఆపైన అయితే, అమ్మినవాడికి ఇవ్వవలసిన దానిలోనుంచి 1 శాతం మినహాయించి, అతని పేరున ఆదాయపు పన్ను శాఖకు జమచేసే బాధ్యత కూడా కొన్నవాడిదే. ఈ టీడీఎస్ అతనికి అదనపు భారం కాదు, అదనపు పని.

పూర్వపక్షం: చేతులు మారినది 60 లక్షలైనా, దస్తావేజులో 48 లక్షలే రాస్తే సుంకం 3,60,000కు దిగి 90,000 మిగులుతుందని, టీడీఎస్ బెడద కూడా ఉండదని లౌకిక వ్యాఖ్యాతల మతం.

సిద్ధాంతం: ఆ మతం నిలవదు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదుగా పుచ్చుకొన్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. కొన్నవాడు మున్ముందు అమ్మేనాటికి అతని కొనుగోలు ధర 48 లక్షలుగానే లెక్కకు వస్తుంది గనుక, తన సొంత 12 లక్షలే లాభమై, 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన లాభాల పన్ను చొప్పున, మినహాయింపులేవీ వర్తించకపోతే, 1,50,000 రూపాయలు అడుగుతాయి. కావున 90,000 మిగిల్చిన ఆ వ్యాఖ్యానం, ముద్రణ ఖర్చు కూడా రాని గ్రంథమని గ్రహించవలెను.