బానెట్టు బాబాయి

మచిలీపట్నం నుంచి అవనిగడ్డ దాకా ఏ ఊరైనా సరే, పొద్దున్నే ఓ వాకిట్లో అంబాసిడర్ బానెట్టు లేచి ఉండి, దాని కింద నడుం దాకా ఓ మనిషి దూరి ఉంటే ఆయనే బానెట్టు బాబాయి. చల్లపల్లిలో మాకొకాయన ఉన్నాడు. మీ ఊళ్లోనూ ఉండే ఉంటాడు. వెతకనక్కర్లేదు, అటుగా వెళ్తే ఆయనే పిలుస్తాడు.

“అబ్బాయ్, ఇటు రా. ఈ పైపు కాస్త పట్టుకో.”

పట్టుకున్నారా, ఆ పూటకి మీ పని సరి.

బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు కావచ్చు, లక్ష్మీపురం పంచదార ఫ్యాక్టరీలో పనిచేసినాయన కావచ్చు, పొలం కౌలుకిచ్చేసిన రైతూ కావచ్చు. కారు మాత్రం ఒకటే. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడరైన బండి, 1489 సీసీ పెట్రోలు ఇంజనుతో. 2014లో ఆ ఫ్యాక్టరీ అంబాసిడర్ల తయారీ ఆపేసిందని పేపర్లో చదివి బాబాయి మూడు రోజులు గడ్డం గీసుకోలేదని పిన్ని చెబుతుంది. ఆ కారు రోడ్డెక్కేది ఏడాదికొక్కసారి, సుబ్రహ్మణ్య షష్ఠికి మోపిదేవి దాకా. మిగతా ఏడాదంతా దానికి వైద్యమే.

బాబాయి సిద్ధాంతం చాలా చిన్నది, చెప్పడానికి మాత్రం గంటన్నర పడుతుంది. “చేలోకి నీళ్లు పెట్టడం ఎవడికైనా వచ్చురా. మురుగు తియ్యడంలో ఉంది రైతు తెలివంతా. ఇంజనూ అంతే! పెట్రోలు మండిన గాలి కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిలుండే గదిలోకి జారుతుంది. దాంట్లో పొగ, కాలని పెట్రోలు, నీటావిరి. దానికో దారి చూపించకపోతే నూనెని వెంటేసుకుని దొరికిన సందులోంచల్లా బయటికొస్తుంది. పైగా మనదానికి వెనకాల క్రాంకు దగ్గర రబ్బరు సీలు కూడా లేదు. మరచుట్లలాంటి గాడి ఒకటి తిరుగుతూ నూనెని లోపలికి నెడుతుంటుంది, అంతే. లోపల గాలి బిగిసిందా, ఆ గాడి చేతులెత్తేస్తుంది!”

కంపెనీ వాళ్లు ఆ గాలికి దారి చూపించకపోలేదు. ఇంజను పక్కనున్న టాపెట్ కవర్ నుంచి బ్రీదర్ పైపనే ఒక గొట్టం కిందికి దింపి, నోరు రోడ్డు వైపు తెరిచి వదిలారు. కారు పరుగెడుతుంటే కింద వీచే గాలే లోపలి పొగని లాగేస్తుంది. నిలబడితే లాగే నాథుడు లేడు. బాబాయి కారు నిలబడే ఉంటుంది. ఇంజను మాత్రం పరీక్ష కోసం రోజూ ఆడుతుంది. అంచేత వాకిట్లోనూ వీధిలోనూ నల్లచుక్కలు.

చుక్కలు పడితే పడ్డాయి, ఇంకో ఊళ్లో అయితే ఎవరికీ పట్టేది కాదు. కానీ ఇది చల్లపల్లి. 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లారకముందే చీపుళ్లు పట్టుకుని వీధుల్లోకి దిగే ఊరు. వాళ్లలో డాక్టర్లున్నారు. డాక్టరుగారు ఊడ్చిన రోడ్డు మీద తన కారు నూనె కార్చడం బాబాయికి తలకొట్టేసినట్టయింది. ఆ పొగని వీధిలోకి వదలకుండా మళ్లీ ఇంజనుకే పంపి కాల్పించాలని కాలిఫోర్నియా వాళ్లు 1960ల మొదట్లోనే పట్టుబట్టారు. వాళ్ల చేత ఆ పని చేయించింది అక్కడి నగరాలని కమ్మేసిన పొగ, బాబాయి చేత చేయించింది చీపురు.

గొట్టాన్ని ఎయిర్ క్లీనర్‌కి తిప్పే పని అలా మొదలైంది. మొదట పొలం మోటారు పైపు ముక్క తగిలించాడు. అది వేడికి మెత్తబడి, ఇంజను పీల్చగానే అప్పడంగా అతుక్కుపోయింది. దాంతో బాబాయి అవనిగడ్డ డిపో బస్సెక్కి బెజవాడ ఆటోనగర్ వెళ్లి, నూనెకి తట్టుకునే రబ్బరు గొట్టం కొనుక్కుని మెళ్లో వేసుకుని దిగాడు. కారుండగా బస్సేమిటని అడిగినవాణ్ణి జాలిగా చూశాడు.

తర్వాతిది వాటం గొడవ. పైపు ఎక్కడా జారి వేలాడకూడదు. వేలాడితే ఆ పల్లంలో నీరూ నూనే నిలిచి గాలికి అడ్డం పడతాయి. బిగించి లాగితే మడతపడుతుంది. దగ్గర దారిన తెస్తే సైలెన్సర్ వైపు వేడికి మాడుతుంది. నేరుగా మానిఫోల్డుకే పెట్టెయ్యమన్నాడొక మేస్త్రీ. “వాల్వు లేకుండానా! కార్బురేటర్ లెక్క తప్పి బండి నిలబడ్డచోట వణకదూ?” అని బాబాయి ఆయనతో మాటలు మానేశాడు.

కొత్త దారి వేసినప్పుడల్లా పరీక్ష ఉంటుంది. ఇంజను ఆడుతుండగా ఆయిలు పోసే మూత తీసి, పల్చని కాగితం పెట్టాలి. కరుచుకుంటే పాసు, ఎగిరితే ఫెయిలు. కాగితం కోసం బాబాయి గోడమీది క్యాలెండర్ చించుతాడు. అంచేత వాళ్లింట్లో తేదీ ఎప్పుడూ ఊరికంటే ముందుంటుంది. ఓసారి పిన్ని ఏకాదశి ఉపవాసం దశమి నాడే చేసేసింది.

“కారు పొగ కారు చేతే మింగిస్తున్నారు, బాగానే ఉంది. మీ మాటలకి కూడా అలాంటి గొట్టమేదైనా ఉంటే తగిలించుకోండి” అంది ఆ రోజు.

చివరికి ఒక పొద్దున కాగితం కరుచుకుంది. కింద చుక్క లేదు. పిన్ని మొహం వెలిగింది. “అయితే ఆదివారం గుడివాడ పెళ్లికి కార్లోనే వెళ్దామండీ!”

బాబాయి అదిరిపడ్డాడు. “ఇన్నాళ్లకి కుదిరిన బండే! రోడ్డెక్కించి పాడుచేసుకుంటామా?”

బస్సులోనే వెళ్లారు. బాబాయి ఏరికోరి డ్రైవర్ పక్కన, ఇంజను దగ్గర కూర్చుని, ముక్కు ఎగబీల్చి, “నీ బండికి బ్రీదర్ పైపు ఎటు తిప్పారు బాబూ?” అని అడిగాడు. పామర్రు ఇంకా చాలా దూరం ఉంది. మాకైతే తప్పించుకోవడానికి పక్కవీధి ఉంటుంది. స్టీరింగు వదల్లేనివాడికి అదీ లేదు.