అరికాలి మచ్చకు అమెరికా వీసా

అరికాల్లో పుట్టుమచ్చ ఉంటే విదేశీయోగమట. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసేవాళ్లలో ఎంతమంది ముందుగా పాదం తిప్పి చూసుకున్నారో ఆ స్వామికే తెలియాలి. కాన్సులేటు వాళ్లు మాత్రం ఎందుకో ఇంకా వేలిముద్రలతోనే సరిపెట్టుకుంటున్నారు.

నా మచ్చది వేరే కథ. ఎడమ చేతి వెనక వైపు, మెంతిగింజంత, నీలం. పదో తరగతిలో పుట్టుమచ్చలు రాసుకునే రోజున క్లాసు టీచరు గారు చూసి, "ముందు ఆ సిరా కడుక్కుని రారా" అని పంపించారు. కుళాయి దగ్గర రుద్ది రుద్ది చెయ్యి ఎర్రబడింది గానీ నీలం పోలేదు. ఆఖరికి ఆయనే తడి వేలితో ఓసారి రుద్ది చూసి, నమ్మకం కుదిరాక, "ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ హ్యాండ్" అని రాశారు. నేను నేనేననడానికి సర్కారు దగ్గర ఈనాటికీ అదే సాక్ష్యం.

అక్కడితో ఆగితే బాగుండేది. అమ్మ నన్ను పంచాంగం చూసే ఆయన దగ్గరికి లాక్కెళ్లింది. బల్లిపాటు ఫలితాల పక్కనే పుట్టుమచ్చల ఫలితాలు. పెదవి మీదుంటే తిండికి లోటుండదు, నాలుక మీదుంటే అన్న మాట జరుగుతుంది. మగవాడికి కుడి, ఆడవాళ్లకి ఎడమ మంచిది. నా మచ్చ చెయ్యి తప్పింది, పైగా రంగు నీలం. నీలమంటే శని అన్నాడాయన. శనికి విరుగుడు నీలం రాయి ఉంగరం. మచ్చ ఊరికే వచ్చింది గానీ ఉంగరం ఊరికే రాలేదు. నాన్న రెండు నెలలు స్కూటరు పక్కనపెట్టి బస్సెక్కారు.

అసలు సంగతేమిటంటే, ఆ మచ్చలో నీలం రంగన్నదే లేదు. ఉన్నది మెలనిన్, మన జుట్టుకి నలుపిచ్చేదే. కడుపులో బిడ్డ తయారవుతున్నప్పుడు రంగు కణాలు వెన్ను వైపు నుంచి బయల్దేరి చర్మం పై పొరకి చేరాలి. కొన్ని దారిలోనే, లోపలి పొరలోనే ఉండిపోతాయి. అంత లోతున ఉన్న నలుపు మీద వెలుతురు పడితే ఎరుపు అక్కడే ఇంకిపోతుంది, నీలం చెదిరి పైకొస్తుంది. టీష్ అనే వైద్యుడు ఈ మచ్చని 1906లోనే వర్ణించి పెట్టాడు. ఆకాశం నీలంగా కనబడేదీ వెలుతురు చెదరడం వల్లే. దానికీ ఉంగరం తొడగమని ఇంకా ఎవరూ అనలేదు, సంతోషం.

పసిపిల్లలకి నడుము కింద కనబడే నీలి మచ్చ కూడా ఈ బాపతే. బడికెళ్లే వయసుకి చాలామందిలో మాసిపోతుంది. మచ్చతో పాటు యోగమూ మాసిపోతుందా? పట్టికలో ఆ గడి లేదు. అన్నట్టు, "పుట్టు"మచ్చ అన్న పేరే పెద్ద అబద్ధం. ఈ నడుము కింది నీలి మచ్చని పక్కనపెడితే, పుట్టుమచ్చతో పుట్టే బిడ్డలు నూటికి ఒకరు. తక్కినవన్నీ చిన్నతనంలో, యవ్వనంలో ఒక్కొక్కటిగా వచ్చి చేరేవే. బ్రహ్మ వాయిదాల మీద రాస్తున్నాడన్నమాట!

ఇక రెండో రకం పండితులు. సున్నంలో సోడా కలిపి పెట్టు, జీడి చమురు రాయి, రాలిపోతుంది అంటారు. రాలేది పైతోలు. నీలి మచ్చ కింద భద్రంగానే ఉంటుంది, పైన కాలిన మచ్చ ఇంకొకటి తోడవుతుంది. దానికి ఫలితం ఏ పంచాంగంలో వెతకాలో!

నవ్వు ఆగిపోయేది అరికాలి దగ్గర. మన రంగు చర్మానికి మెలనోమా అనే క్యాన్సర్ అరుదే. కానీ వచ్చినప్పుడు తరచుగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది. 1981లో, 36 ఏళ్లకే పోయాడు. సరిగ్గా ఆ అరికాల్లోనే మనం అమెరికా అని రాసుకున్నాం. అక్కడ మచ్చ పెరుగుతుంటే యోగం బలపడుతోందని మురిసిపోయేవాడికి ఏం చెప్పగలం?

నా మచ్చ ఇన్నేళ్లుగా మెంతిగింజంతే ఉంది. చర్మ వైద్యురాలు చూసి, ముట్టుకోవద్దన్నారు. మీరు ఈ రాత్రి కాళ్లు కడుక్కున్నాక అరికాళ్లు ఓసారి దీపం కింద చూసుకోండి. మచ్చ పెరుగుతున్నా, అంచు చెదిరినా, రంగు మారినా, నెత్తురు చెమర్చినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. వీసా సంగతి తరవాత చూసుకోవచ్చు.