ఆడలేక బంతి ఓడు

ఎల్బీనగర్‌లో అద్దె ఫ్లాటు, ఈఎంఐ మీద కారు. సొంతమని చెప్పుకోవడానికి ఒక్కటైనా ఉండాలి కదా అని వెతుకుతున్న బాబులకు ఈమధ్య ఆ ఒక్కటీ దొరికింది. బౌలింగ్ బాల్. ఆడేది ఏడాదికి రెండుసార్లు: ఒకటి ఆఫీసు టీమ్ ఔటింగ్, రెండోది మేనల్లుడి పుట్టినరోజు. రెండుసార్లూ బంతి గట్టర్లోకే పోయింది. విచారణ జరిపితే తప్పంతా బంతిదేనని తేలింది.

"మాల్ బంతులు చేతికి సెట్ కావు బ్రో. ప్రోస్ అందరూ సొంతవే వాడతారు."

వాడతారు, కాదనం. ఒకటి కాదు, సంచి నిండా వాడతారు. అందులో ఒకటి మాత్రం మాల్‌లో అరల మీద పడి ఉండే ప్లాస్టిక్ బంతికి స్వయానా తోబుట్టువు. చివర మిగిలిన ఒంటరి పిన్నును పడగొట్టాలంటే వంకర తిరగకుండా నేరుగా పోయే బంతే కావాలి మరి. మన బాబు ఛీ కొట్టి వచ్చినదాన్ని పెద్ద పెద్ద ఆటగాళ్లు భుజాన మోసుకు తిరుగుతున్నారన్నమాట.

బాబుకు కావాల్సింది హుక్. గట్టర్ అంచుదాకా వెళ్లిన బంతి గిర్రున లోపలికి తిరిగి పదింటినీ కూల్చే వీడియో చూశాడు. అది రియాక్టివ్ రెజిన్ బంతి, 1990ల మొదట్లో వచ్చిన సరుకు. 60 అడుగుల లేన్‌కు ముందు భాగమంతా నూనె పూసి, చివర పొడిగా వదిలేస్తారు. నూనె మీద జారిన బంతికి పొడిచోట పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. అయితే వదిలేటప్పుడు వేళ్లు దాన్ని తిప్పాలి. అది రాకపోతే వంద, రెండొందల డాలర్ల బంతి కూడా బుద్ధిగా గట్టర్లోకే పోతుంది. అసలు పక్క లేన్‌లో చిన్నపిల్ల ర్యాంపు మీంచి బంతి దొర్లిస్తున్న పుట్టినరోజు పార్టీలో, నమ్మకంగా దొరికే నూనె ఫ్రెంచ్ ఫ్రైస్ తిన్న చేతులది.

అయినా డాలస్ నుంచి వస్తున్న బావగారికి ఆర్డర్ వెళ్లింది. పెట్టెకు 23 కిలోలు. 15 పౌండ్ల బంతంటే 6.8 కిలోలు. అత్తయ్యగారి విటమిన్ మాత్రలు, పిల్లల చాక్లెట్లు డాలస్‌లోనే ఆగిపోయాయి.

డబ్బా విప్పితే బంతికి చిల్లుల్లేవు!

ఉండవు. కొత్త బంతి నున్నగా గుండులా వస్తుంది. వేళ్ల లావు, బొటనవేలికీ మిగతా రెండు వేళ్లకీ మధ్య దూరం కొలిచి, ఎంత వాలుగా తొలచాలో చూసి చిల్లులు వేయడం ఒక పనితనం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ దొరకని పరీక్ష లేదు గానీ ఈ పనివాడి కోసం తిరిగితే, చైతన్యపురి దాటేలోపు దొరికేది ఏసీ పైపుకు గోడ తొలిచే అబ్బాయే. అతను బంతిని అటూ ఇటూ తిప్పి, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "లోపల వైర్లేమన్న ఉన్నయా అన్నా?" అని అడుగుతాడు. ఈ మొత్తం కథలో బుర్ర పెట్టి అడిగిన ప్రశ్న అదొక్కటే.

చేతికి కొలిచి తొలిచిన బంతి హాయిగా ఉంటుందన్న మాటలో అబద్ధం లేదు. మాల్ బంతుల చిల్లులు ఊళ్లోవాళ్లందరి వేళ్లూ దూరేటంత వదులు. జారుతుందేమోనని బిగించి పట్టుకుంటే మణికట్టు లాగుతుంది, వదిలే అదను తప్పుతుంది. వారం వారం లీగ్ ఆడేవాడు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. మన బాబుకు బంతి మీది అంకె పౌండ్లలో బరువని కూడా తెలీదు. 10 పట్టుకోవాల్సిన చేత్తో 16 ఎత్తాడు, టీమ్ అంతా చూస్తోంది కదా అని.

కొనాలన్న దురద మరీ ఆగకపోతే బూట్లు కొనుక్కోవచ్చు. ఆ అద్దె బూట్లు ఎన్ని పాదాల చెమట పీల్చాయో తల్చుకుంటే ఆ ఖర్చుకు అర్థం ఉంది. కానీ ఇన్‌స్టాలో బూట్లకు లైకులు రావు.

సరే, చిల్లులు ఎలాగో పడ్డాయనుకుందాం. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, రాయదుర్గం దాకా ఏడు కిలోల సంచి మోసేసరికి, బంతి వేయాల్సిన భుజం కాస్తా పడిపోయింది. ఇంకేం, అమ్మకానికి ప్రకటన: 'ఒక్కసారే వాడినది, కొత్తదానితో సమానం.' ఫోన్లు రాకపోవు. కాకపోతే రేటు సంగతి తర్వాత, ముందు ఒకటే అడుగుతున్నారు:

"మీ బొటనవేలు ఎంత లావుంటది సార్?"