గులాబీ పురుగుకు గురువులెవరు?

ముందే ఒక మాట. ఈ వ్యాసంలో గులాబీ అంటే పార్టీ కాదు, పురుగు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆ రంగు పేరెత్తేవాడు ఈ సంగతి మొదటి వాక్యంలోనే తేల్చుకోవడం ఒంటికి మంచిది. పత్తికాయలోకి దూరి, లోపల కూర్చుని గింజ తినే గులాబీ రంగు పురుగు గురించి, దాని చదువు సంధ్యల గురించి నాలుగు మాటలు.

అక్టోబరు దాటాక ఈ మూడు జిల్లాల్లో ఏ మండల కేంద్రంలోనైనా మందుల దుకాణం ముందు కాసేపు నిలబడండి. జీవశాస్త్రం ఉచితంగా చెబుతారు. రైతు పుచ్చిన కాయ తెచ్చి బల్ల మీద పెడతాడు. "సేటూ, మూడుసార్లు కొట్టిన. సస్తలేదు." సేటు కాయను ఇప్పి కూడా చూడడు. "పురుగు మందుకు అలవాటు పడ్డదే. డోసు పెంచు. ఈ రెండు కలిపి కొట్టు, ఇగ సూడు." రెండు డబ్బాలు బల్ల మీదికి వస్తాయి. ఉద్దెర పుస్తకంలో ఇంకో గీత పడుతుంది. రైతు తైవాన్ పంపు భుజానేసుకుని చేనుకు పోతాడు.

ఈ సేటు ఎవరి శిష్యుడో ఆయనకు తెలియదు గానీ, ఆయన గురువు ఫ్రాన్సులో ఉండేవాడు. పేరు లామార్క్. జీవి బతుకులో సంపాదించుకున్న అలవాటు పిల్లలకు వస్తుందని 1809లో పుస్తకం రాశాడు. పాపం ఆయన సొంత దేశంలోనే ఆ సిద్ధాంతానికి ఎప్పుడో దినాలు అయిపోయాయి. కేసముద్రంలో, రేగొండలో, పాలకుర్తిలో మాత్రం లైసెన్సుతో, జీఎస్టీ బిల్లుతో (అడిగితేనే) నడుస్తోంది.

పురుగు అలవాటు పడదు. మందు తగిలిన పురుగు చస్తుంది, లేదా చావదు. చావని పురుగులో ఆ చావని గుణం మందు డబ్బా మూత తీయక ముందే ఉంది. ఇది నా మాట కాదు. ఇటలీ నుంచి వలసపోయిన లూరియా, జర్మనీ నుంచి వలసపోయిన డెల్‌బ్రుక్ అమెరికాలో 1943లో తేల్చిన లెక్క. బాక్టీరియాను వేర్వేరు గొట్టాల్లో పెంచి, ఒక్కో గొట్టంలోని దాన్ని బాక్టీరియాను చంపే వైరస్ మీద పోశారు. వైరస్ తగిలాకే తట్టుకోవడం 'నేర్చుకునేట్టయితే' అన్ని గొట్టాల్లోనూ ఇంచుమించు ఒకే సంఖ్యలో బతకాలి. అలా జరగలేదు. చాలా గొట్టాల్లో ఒకటీ మిగల్లేదు, కొన్నింట్లో మాత్రం గుంపులు గుంపులుగా బతికాయి. అంటే ఆ గొట్టాల్లో వైరస్ రాకముందే, తరాల వెనకే, యాదృచ్ఛికంగా జన్యువు మారిందన్న మాట. కాలేజీ డాన్సు విందులో సహోద్యోగి జూదపు యంత్రం ఆడుతుంటే చూసి లూరియాకు ఈ ఆలోచన తట్టిందట. 1969లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన సేటు దగ్గరికి ఆ కబురు ఇంకా చేరలేదు.

సేటును ఒక్కడినే అనడం అన్యాయం. తట్టుకున్నదే మిగలడమనే ఈ ప్రకృతి ఎంపిక మాట ఢిల్లీలోనే గిట్టుబాటు కావడం లేదు. 2018లో ఒక కేంద్ర సహాయ మంత్రి, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పన్నారు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అన్న పాఠం నుంచి పరిణామం పోయి అనువంశికత ఒక్కటే మిగిలింది. పిల్లల మీద భారం తగ్గించారట. గులాబీ పురుగుకు ఆ భారం ముందు నుంచీ లేదు. అది పుస్తకం చదవదు, సీజనుకు నాలుగైదు తరాలు కంటుంది, అంతే. దానికి పరిణామం పాఠం కాదు, పంట.

ఇప్పుడు అసలు కథ. బీటీ పత్తి మన దేశంలోకి 2002లో అధికారికంగా వచ్చింది. ఆకులో, కాయలో ఒక బాక్టీరియా విషం తయారవుతుంది. దాన్ని తిన్న పురుగు పేగు గోడలో క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌కు ఆ విషం అతుక్కుంటుంది, పేగుకు చిల్లు పడుతుంది, పురుగు చస్తుంది. ఎక్కడో ఒక పురుగులో ఆ ప్రొటీన్ పుట్టుకతోనే వంకరగా ఉంటుంది. విషానికి అతుక్కునే చోటు దొరకదు. అయితే ఆ వంకర తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పురుగు పూర్తిగా తట్టుకుంటుంది. వెయ్యి జన్యువుల్లో ఒకటి వంకరదనుకుందాం. రెండూ వంకరవైన పురుగు పది లక్షల్లో ఒకటి. ఆ ఒక్కటీ మామూలు పురుగుతో జతకడితే పిల్లలకు ఒక వైపే వంకర వస్తుంది, అవి బీటీ తిని చస్తాయి. కాబట్టి చేయాల్సిందల్లా ఆ ఒక్కదానికి పక్కనే మామూలు సంబంధాలు బోలెడు దొరికేట్టు చూడటం. అలా కాక బతికినవాటికి బతికినవే దొరికితే అది మేనరికం. వంశంలో దాగి ఉన్న గుణం బయటపడటానికి మేనరికం ఎంత సాయం చేస్తుందో తెలుగువాళ్లకు నేను చెప్పాలా?

ఆ మామూలు సంబంధాల కోసమే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ సంచి పెట్టారు. చేను చుట్టూ అయిదు సాళ్లు, లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత వేయాలన్నారు. రెండెకరాల చల్క కౌలుకు తీసుకున్న జనగామ రైతుకు దాని అర్థం పదహారు గుంటలు. పదహారు గుంటల పత్తి పురుగులకు మేపి, మొత్తం రెండెకరాలకు కౌలు కట్టమని చెప్పడం. ఆ రైతు ఆ సంచిని గట్టు మీద పారేస్తే నేను తప్పు పట్టను. సంచిలో గింజ మొలుస్తుందో లేదో, బీటీతో పాటే పూస్తుందో లేదో పట్టించుకోని కంపెనీని తప్పు పడతాను. నిబంధన రాసి, చేనుకు పోయి ఒక్క సాలైనా లెక్కపెట్టని సర్కారును తప్పు పడతాను. కాగితం మీద మాత్రం మన దగ్గర పెళ్లిళ్లు ఘనంగానే జరిగాయి. తరువాతెప్పుడో సంచి తీసేసి బీటీ గింజల్లోనే 5 నుంచి 10 శాతం నాన్ బీటీ కలిపి 475 గ్రాముల ప్యాకెట్ చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇంకో ఘనకార్యం ఉంది, దీని మీద పెద్దగా ఎవరూ మాట్లాడరు. ప్రపంచంలో బీటీని దాదాపు పూర్తిగా హైబ్రిడ్ విత్తనాల్లోనే అమ్మిన దేశం మనది. హైబ్రిడ్ గింజ దాచుకుని మళ్లీ వేస్తే అదే దిగుబడి రాదు కాబట్టి ఏటా కొనాలి. కంపెనీకి అది లాభం. కానీ హైబ్రిడ్ మొక్క కాయలో గింజలన్నీ ఒక్క తీరుగా ఉండవు. తరువాత వచ్చిన రెండు విషాల బీటీలోనైతే కొన్నింట్లో రెండు విషాలూ, కొన్నింట్లో ఒకటే, పదహారింట్లో ఒక గింజలో ఏదీ ఉండదు. కాయలో కూర్చుని గింజ గింజకూ తిరిగే గులాబీ పురుగుకు ఇంతకంటే మంచి శిక్షణ కేంద్రం ఏముంటుంది? సగం వంకర ఉన్న పురుగు కూడా అక్కడ బతికి బయటపడుతుంది.

ఫలితం తేదీలతో సహా ఉంది. గుజరాత్‌లో మొదటి బీటీ గులాబీ పురుగు మీద పనిచేయడం లేదని 2010లో దాన్ని తెచ్చిన కంపెనీయే ఒప్పుకుంది. మందు ఏమిటంటే, రెండు విషాలున్న బీజీ-2 కొనండి అంది. అది 2006 నుంచే అంగట్లో ఉంది. 2015 నాటికి గుజరాత్ పురుగు దాన్నీ దాటేసింది. 2017లో తెలంగాణ, మహారాష్ట్ర చేలలో కాయలు పుచ్చాయి. 2020లో కేంద్రం బీజీ-2 టెక్నాలజీ మీద కంపెనీకి కట్టే రాయల్టీని సున్నా చేసింది. ఆ టెక్నాలజీ విలువ ఎంతో పురుగు అప్పటికే తేల్చింది, ప్రభుత్వం సంతకం పెట్టింది. ప్యాకెట్ మాత్రం 2025 వానాకాలానికి 901 రూపాయలు.

ఇదే కాలంలో ఒక విచిత్రం జరిగింది. బీటీ తెచ్చిందే పచ్చ పురుగు కోసం. 1987లోనే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పైరిథ్రాయిడ్ మందుల్ని తట్టుకున్న పురుగది. 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పురుగు, మందు, అప్పు కలిసి పత్తి రైతుల్ని ఆత్మహత్యలకు నడిపించిన ఏడాది ఎవరికి గుర్తులేదు? అంత మొండి పచ్చ పురుగు బీటీ ముందు మాత్రం చాలావరకు తలవంచింది. ఎందుకంటే అది కంది తింటుంది, శనగ తింటుంది, మిరప తింటుంది, టమాట తింటుంది. విషం లేని చోట పెరిగిన మామూలు పురుగులు దానికి లక్షల్లో సంబంధాలు. పత్తిలో కంది సాళ్లు వేసే మన పెద్దలు తెలియకుండానే నాన్ బీటీ సంచి పని చేశారు. గులాబీ పురుగుకు పత్తి తప్ప మరో తిండి దాదాపు లేదు. దానికి మనమే సంబంధాలు చూడాల్సింది, మనం చూడలేదు.

వేరే దేశాలు చూశాయి. అమెరికాలో అరిజోనా రైతులు నాన్ బీటీ నిజంగానే వేశారు, తరువాత విమానాల్లో గొడ్డు రెక్కల పురుగుల్ని చల్లారు, 2018లో గులాబీ పురుగు తమ పత్తి చేలలో లేదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. చైనాలో యాంగ్‌ట్సీ లోయ రైతులైతే ఏ ఉద్దేశమూ లేకుండానే గెలిచారు. చవక అని రెండో తరం హైబ్రిడ్ గింజలు వేశారు, అందులో పావు వంతు మొక్కలకు బీటీ ఉండదు. తట్టుకునే గుణం పెరగడం ఆగి వెనక్కి తగ్గింది.

మన సేటు దగ్గర మాత్రం కొత్త అవతారం దిగింది. పేరు బీటీ-3. అనుమతి లేదు, బిల్లు లేదు, రాత్రి పూట బండి మీద వస్తుంది. "గులాబీ పురుగు కూడా రాదు" అని హామీ. అందులో గులాబీ పురుగు కోసం కొత్తదేమీ లేదు. గ్లైఫోసేట్ గడ్డి మందు కొట్టినా పత్తి చావకుండా ఉండే జన్యువు ఉంది, అంతే. గడ్డి మాత్రం ఊరుకుంటుందా? అమెరికాలో జార్జియా పత్తి చేలలో 2000ల మధ్యలోనే ఒక కలుపు గ్లైఫోసేట్‌ను లెక్కచేయడం మానేసింది. గడ్డి మందు ఏ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందో దాని జన్యువునే కొన్ని మొక్కల్లో వందకు పైగా నకళ్లు తీసి పెట్టుకుంది. ఆ కలుపు మన తోటకూరకు దగ్గరి చుట్టం. బీటీ-3తో ముందు గెలిచేది పురుగు కాదు, గడ్డి.

డోసు పెంచమన్న సలహా దగ్గరికి మళ్లీ వద్దాం. గులాబీ పురుగు గుడ్డు పగిలిన కొద్ది సేపటికే కాయలోకి దూరుతుంది. మీద మోనోక్రోటోఫాస్ కొట్టినా, ప్రొఫెనోఫాస్ కొట్టినా, రెండూ కలిపి కొట్టినా లోపలిదానికి తగలదు. తగిలేది దాన్ని తినే మిత్ర పురుగులకు, కొట్టే మనిషికి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో మందు కొడుతూ విషం పీల్చి ఇరవై మందికి పైగా చచ్చారు. వాళ్లెవరూ మందుకు అలవాటు పడలేదు.

పత్తి రైతుకు, దుకాణదారుకు కాదు, ఈ విన్నపం. పూత మొదలయ్యాక చేనులో లింగాకర్షక బుట్టలు కట్టండి. వరుసగా మూడు రోజులు, రోజుకు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితేనే మందు మాట ఎత్తండి. విచ్చుకోని గుడ్డిపూలు కనిపిస్తే తెంపి కాల్చండి. ధర బాగుందని నీళ్లు పెట్టి మార్చి దాకా పత్తిని నిలబెట్టకండి, ఆ మూడు నెలల్లో వచ్చే రెండు ఏరుళ్ల కోసం వచ్చే ఏడాది చేనుకు విత్తనంగా పురుగును దాస్తున్నారు. డిసెంబరు ఆఖరుకు పంట ముగించి, చేనులో గొర్ల మందను తోలి, పత్తి కట్టె పీకేయండి. వీటిలో దేనికీ ఉద్దెర పుస్తకం అక్కర్లేదు.