భోగిపళ్ళ ప్రశ్న: టీకాతాత్పర్య సహితము

మూలం:

"అమ్మమ్మా, నేను రాకముందు రేగుపళ్ళు ఎవరి నెత్తిన పోసేదానివి?"

అవతారిక

ఈ వాక్యం పలికినది మా అమ్మాయి. వయసు నాలుగేళ్ళు. కాలం: భోగి సాయంత్రం ఆరున్నర. స్థలం: హైదరాబాదులో మా ఫ్లాటు, హాల్లో సోఫా జరిపిన చోటు. అక్కనీ తమ్ముణ్ణీ ఒకే పీట మీద కూర్చోబెట్టారు. రేగుపళ్ళు, చెరకుముక్కలు, బంతిపూరేకులు, నానిన శనగలు, రూపాయి బిళ్ళలు కలిపి గుప్పిట పట్టి, మా అత్తగారు మూడుసార్లు తిప్పి పోయబోతుండగా ఈ ప్రశ్న వెలువడింది. వచ్చిన పేరంటాళ్ళందరికీ ఒక్కసారిగా చీర కుచ్చిళ్ళు సర్దుకునే పని గుర్తొచ్చింది. ఒకావిడ లేచి, మా వంటింట్లో తనకు తెలియని గ్లాసు వెతకబోయింది.

కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి మన మెదకుసీమ కొలిచెలమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన టీక రాస్తున్నప్పుడు పక్కన చుట్టాలు కూర్చుని ఉండరు. ఈ టీకలో మూలంలో లేనిదీ ఉంటుంది, అక్కర్లేనిదీ ఉంటుంది. (మా ఇంట్లో టీక అంటే ముందు వ్యాక్సిన్ల కార్డు వెతుకుతారు. అది వేరే శాస్త్రం.)

ప్రతిపదార్థం

అమ్మమ్మా = ఓ అమ్మ యొక్క అమ్మా! చూడటానికి సులువైన సంబోధన. కాని ఇందులో మొదటి 'అమ్మ' స్థిరపడటానికే నాలుగు నెలలు పట్టింది. పిల్లలు పెరిగిన శిశుగృహలో ఆయాలందరూ అమ్మలే. పొద్దుటి అమ్మ, రాత్రి అమ్మ, అన్నం అమ్మ. కాబట్టి రెండున్నరేళ్ళ వయసులో మా ఇంటికొచ్చినప్పుడు, మా ఆవిడకి ఆ అమ్మాయి పెట్టిన పేరు 'ఈ అమ్మ'. 'ఈ' అనేది నిర్దేశక విశేషణం. ఇంకా బోలెడుమంది ఉన్నారు, ప్రస్తుతానికి ఈవిడ అని దాని భావం. దీపావళి నాటికి ఆ 'ఈ' లోపించింది. ఏ సంధి వల్ల లోపించిందో నేను చెప్పలేను. మా ఆవిడ మాత్రం ఫలానా మంగళవారం, దోసెలు వేస్తుండగా అని తిథితో సహా చెబుతుంది.

నేను = ఉత్తమపురుష ఏకవచనం. తమ్ముణ్ణి కలపలేదు. వాడు ఆ సమయానికి ఒక రూపాయి బిళ్ళ బుగ్గన పెట్టుకుని మౌనవ్రతంలో ఉన్నాడు.

రాకముందు = ఇది ఈ వాక్యానికి ఆయువుపట్టు. ఇక్కడ కొంచెం ఆగాలి.

'రాక' తెలుగులో రెండు విధాలు. వచ్చుట అనే నామవాచకం ఒకటి, రాకపోకల్లో ఉన్నది. రెండోది వ్యతిరేక క్త్వార్థకం, వానలు రాక పంటలు ఎండాయి అన్నప్పటిది. ఒకదానికి వచ్చుట, ఇంకోదానికి రాకుండుట అర్థాలు. రెంటికీ అక్షరాలు అవే. మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్నది రెండో రాక. ఒక ఆషాఢమాసం మధ్యాహ్నం మొదటి రాక జరిగింది. ఆషాఢంలో ఏమిట్రా, శ్రావణం దాకా ఆగలేరా అని మా అమ్మ అంది. దత్తత ఆఫీసువాళ్ళ పంచాంగంలో శూన్యమాసాలు ఉండవు.

ఆ రాకకు ముందుదంతా కాగితాల కాండ. కేరింగ్స్ అనే పోర్టల్లో పేరు నమోదు. ఒక అధికారిణి ఇంటికొచ్చి జీతమూ జబ్బులూ జగడాలూ అడిగి రాసుకుపోయిన నివేదిక. ఆపైన నిరీక్షణ. అది ఎంత సాగిందంటే, ఫోను మోగితే మళ్ళీ క్రెడిట్ కార్డువాళ్ళే అనుకునే స్థితికి చేరాం. చివరికొక రోజు రెండు ఫొటోలు వచ్చాయి. 48 గంటల్లో సరే అనాలి. మేము ఆ సమయంలో ఎక్కువ భాగం ఫొటోలు పెద్దవి చేసి చూస్తూ, ఈ పిల్ల ఎందుకు మూతి ముడిచింది అని తర్కిస్తూ గడిపాం. ఒకప్పుడు దత్తత ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరు ఇస్తున్నారు. ఉత్తర్వు తేదీ నుంచి పిల్లలు అన్ని విధాలా మా పిల్లలేనని 2015 నాటి బాలల న్యాయ చట్టం మాట. అయినా రెండేళ్ళపాటు ఆర్నెల్లకోసారి ఒకావిడ వచ్చి పిల్లలెలా ఉన్నారో చూసి వెళుతుంది. మా అమ్మాయి దృష్టిలో ఆవిడ చుట్టం. ఆవిడ వచ్చినప్పుడల్లా తన చెప్పులజోళ్ళన్నీ తెచ్చి ముందు పరుస్తుంది. అవీ నివేదికలో చేరుతున్నాయో లేదో.

పాఠాంతరం

'రాకముందు' బదులు 'పుట్టకముందు' అని ఉండాలని మా పెద్దమ్మ సవరణ. అక్కడికక్కడే ప్రతిపాదించింది: "పుట్టకముందు అనాలమ్మా, అందరూ వింటున్నారు." ఇది గ్రాహ్యం కాదు. నడిచి గుమ్మం దాటిన మనిషి రాక అనే అంటుంది. ఆ రోజు గుమ్మం దగ్గర ఎడమకాలి చెప్పు ఊడితే ఆగి, తొడుక్కుని, అప్పుడు లోపలికి వచ్చింది. ఆ కథ రోజూ రాత్రి చెప్పించుకుంటుంది. ఏ కాలి చెప్పో నేను తప్పితే దిద్దుతుంది. తెలిసే వయసు వచ్చాక చెబుదాం అనే సంప్రదాయానికి మా ఇంట్లో చోటు లేకపోయింది. చెప్పవలసినవాళ్ళకే మా అమ్మాయి చెబుతోంది.

ప్రక్షిప్తాలు

ఆ సాయంత్రం మూలంలో చొరబడిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. "పిల్లలెంత అదృష్టవంతులో." "మీకు బోలెడు పుణ్యం." "ఏమాటకామాటే, ముక్కు అచ్చం నాన్నదే." మూడోదాన్ని మాత్రం ఉంచేద్దామని నా ముక్కు కోరిక. ఇంకొకావిడ గొంతు తగ్గించి, "అయితే సొంత పిల్లలు కారా?" అన్నారు. పిల్లల్ని ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థను అందరూ పిలిచే పేరు 'కారా'యే. కాబట్టి, "కారానేనండీ, వాళ్ళ ద్వారానే" అన్నాను. ఆవిడ సంతృప్తిగా తల ఊపారు. శ్లేష ఎవరికీ హాని చేయని అలంకారం.

దత్తహోమం చేయించారా అని పురోహితుడుగారు అడిగారు. అది తప్పనిసరి కాదని 1956 నాటి హిందూ దత్తత చట్టమే అంది, మాది ఆ చట్టం కూడా కాదు అన్నాను. సరే నక్షత్రం చెప్పండి అన్నారు. పుట్టిన గడియ ఎవరికి తెలుసు? పేరులో మొదటి అక్షరం పట్టుకుని లెక్కవేశారు. 'లా' కాబట్టి అశ్విని, నాలుగో పాదం. ఆ పేరు శిశుగృహలో ఎవరో ఆయా పెట్టినది. మేము మార్చలేదు. మా అమ్మాయికి అశ్వినీ నక్షత్రం ఆ తల్లి పుణ్యం.

ప్రమాణం

చుట్టాల సంగతికి వేదప్రమాణం ఉంది. ఐతరేయ బ్రాహ్మణంలో అజీగర్తుడు నూరు ఆవులకు కొడుకు శునశ్శేపుణ్ణి యజ్ఞపశువుగా అమ్ముతాడు. వాడు దేవతలను వేడి బతికి, వెళ్ళి విశ్వామిత్రుడి ఒడిలో కూర్చుంటాడు. విశ్వామిత్రుడు వాడికి దేవరాతుడని పేరుపెట్టి, నా పెద్దకొడుకు ఇకనుంచి వీడే అంటాడు. ఆయనకు అప్పటికే నూటొక్కమంది కొడుకులు. పెద్దవాళ్ళు యాభైమంది కుదరదన్నారు. మీ సంతతి సరిహద్దుల్లో పడి ఉండుగాక అని ముని శపించాడు. అలా పడినవాళ్ళ పట్టికలో పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు ఉన్నారు. వాళ్ళందరికంటే ముందు ఆంధ్రులు ఉన్నారు!

అనగా, మన జాతి పేరు సాహిత్యంలో అంత పాతకాలంలో కనిపించేది రాజ్యాల దగ్గరా కాదు, రణాల దగ్గరా కాదు. ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి అన్న అనం అని మొరాయించిన చోట. దీన్ని గొప్పగా చరిత్ర పుస్తకాల మొదటి పేజీలో రాసుకున్నాం కాని, తగాదా ఏమిటో ఎవరూ చెప్పరు. మా పెద్దమ్మను నేను అందుకే ఏమీ అనను. ఆవిడ వెనుక వేల ఏళ్ళ ఆనవాయితీ ఉంది.

ప్రతిపదార్థ శేషం

ఎవరి నెత్తిన = ఇక్కడ ప్రశ్న సూటిగా తగిలింది. మా పెళ్ళయిన తర్వాత పదేళ్ళూ మా అత్తగారికి సంక్రాంతి పేరంటాలు ఉండనే ఉన్నాయి. వెళ్ళేవారు. మా ఆవిడ మాత్రం ప్రతి భోగికీ తలనొప్పితో పడుకునేది. ఈ 'ఎవరి' అనే మాటకు వ్యాఖ్య రాయమంటే అంతకన్నా రాయను.

పోసేదానివి = అలవాటుగా జరిగిన భూతకాలపు పని. పోశావా అనలేదు, పోసేదానివి అంది. ఏటేటా జరిగేదని ఎలా పసిగట్టిందో.

తాత్పర్యం

మా అత్తగారు తాత్పర్యం తామే చెప్పారు. గుప్పిట అలాగే పట్టుకుని, "ఎదురింటి పిల్లల నెత్తిన పోసేదాన్నే. పైవాటావాళ్ళ పిల్లల నెత్తిన. ఎవరు పిలిస్తే వాళ్ళ పిల్లల నెత్తిన" అన్నారు.

"మరి నా పళ్ళో?"

"నీవి నాకు బాకీ ఉండిపోయాయి."

మా అమ్మాయి వేళ్ళు మడిచింది. నాలుగేళ్ళు అనే సంగతి దానికి తెలుసు. పోయినేడు పోశారు, ఇప్పుడు పోస్తున్నారు. మిగిలినవి రెండు. "అయితే అవి కూడా పొయ్యి" అంది. తమ్ముడికి బాకీ లేదు. వాడు పుట్టాక వచ్చిన మొదటి భోగి మా ఇంట్లోనే. కాని ఒకరికి పోసి ఇంకొకరికి పోయకపోతే వాడు బిళ్ళ కక్కి మరీ ఏడుస్తాడు కనుక, లెక్కలో వాణ్ణీ చేర్చారు.

గిన్నెలో పళ్ళు అయిపోవచ్చాయి. నన్ను కిందికి పంపారు. మలుపు దగ్గర బండి అబ్బాయి బుట్ట సర్దేస్తున్నాడు. పొద్దున కిలో వంద ఉన్నది నూట అరవై అన్నాడు. ఇప్పుడు భోగిపళ్ళేంటి సార్, అయిపోయిందిగా అన్నాడు. పాత బాకీ అన్నాను. అరకిలో తూయించుకుని, చిల్లర పదిరూపాయల బిళ్ళలుగా ఇమ్మని అడిగాను. రూపాయి బిళ్ళలైతే పిల్లవాడు మింగేస్తాడని మా ఆవిడ పైనుంచి ఫోను చేసి మరీ చెప్పింది.