సందులో ఇసుకను నేను

నా గది వెడల్పు 3 మిల్లీమీటర్లు, లోతు 60. అటొక కాంక్రీటు గోడ, ఇటొక కాంక్రీటు గోడ, పైన గీత గీసినంత ఆకాశం. రాజమహేంద్రవరంలో ఒక పాత డాబా ఇంటి వాకిట్లో, పేవర్ బ్లాకుల సందుల్లో తొమ్మిదేళ్లు కాపురమున్న ఇసుకను నేను. ఇప్పుడక్కడ లేను. అదే ఇంట్లో కొబ్బరిచెట్టు మొదట్లో, ఎండుటాకుల కింద పోగుపడి ఉన్నాను. ఇక్కణ్ణుంచి వాకిలి సగమే కనబడుతుంది గానీ, దాని చప్పుడు మొత్తం వినబడుతుంది.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంద్రావతి పారే కొండల్లో ఎక్కడో గ్రానైటు బండలో పలుగురాయినై ఉండేదాన్ని. వానలు విడగొట్టాయి, ఏరు దొర్లించింది, గోదావరి పాపికొండల మధ్యనుంచి మోసుకొచ్చి ఒక లంక పక్కన దింపింది. ఇసుక ర్యాంపులో లారీ ఎక్కాను. మేస్త్రి నన్ను జల్లెడ పట్టాడు. ముతకగా మిగిలిన మా అన్నలు బ్లాకుల కింద 30 మిల్లీమీటర్ల పరుపయ్యారు. 2.36 మిల్లీమీటర్ల కన్నం దాటి కింద రాలిన సన్నదాన్ని నేను. నన్ను సందులకని పక్కన పోసి, గోనె సంచులు కప్పాడు.

మా బ్లాకులకు చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నెదర్లాండ్స్‌లో మట్టి ఇటుకలకు కరువొచ్చి, వీధులకు కాంక్రీటు బ్లాకులు పరచడం మొదలుపెట్టారట. మన దేశంలో వాటికి 2006లో ఐఎస్ 15658 అని ప్రమాణం కూడా రాశారు. కొనేవాళ్లు వాటి రంగు చూస్తారు, మందం అడుగుతారు, గట్టిదనం అడుగుతారు. సందులో ఏం పోస్తారని అడిగినవాళ్లను నేను చూడలేదు.

పరిచిన రోజు సంగతి చెప్పాలి. వాకిలి 40 చదరపు మీటర్లు. బ్లాకులు ఇటుకంత, చదరపు మీటరుకు 50. అంటే రెండు వేల బ్లాకులు. వాటి సందులన్నీ కలిపి ఒక తాడులా చాస్తే 600 మీటర్లు! నేను దిగకముందు ఆ బ్లాకుల మీద ఎవరు నడిచినా టక్కు టక్కుమని చప్పుడు. దేని దారి దానిది. మేస్త్రి నన్ను ఎండలో ఆరబెట్టి, వాకిలంతా చల్లి, పొడి చీపురుతో సందుల్లోకి ఊడ్చాడు. ప్లేట్ వైబ్రేటర్ నడిపాడు. ఆ అదురుకు నేను అడుక్కంటా జారాను. పైన ఖాళీ అయితే మళ్లీ ఊడ్చాడు, మళ్లీ వైబ్రేటర్ నడిపాడు. మూడోసారి ఊడ్చేసరికి ఇక పట్టే చోటు లేదు. అప్పుడు ఇంటి అమ్మగారు అరుగు దిగి వాకిట్లో నడిచారు. ఒక్క బ్లాకూ పలకలేదు. ఆ నిశ్శబ్దం నా మొదటి సంపాదన.

నా పనేమిటో ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. కారు చక్రం ఒక బ్లాకు మీద ఆగితే ఆ బరువు ఆ ఒక్కదానిదే కాకూడదు. చుట్టూ ఉన్నవి తలా కొంచెం పంచుకోవాలి. ఒకదాని బరువును ఇంకొకదానికి అందించేది నేనే. నా రేణువులు ఒకదాన్నొకటి కరుచుకుని, రెండు గోడలనూ రాపిడితో పట్టుకుంటాయి. బ్లాకు కిందికి కుంగకుండా, పక్కకు జరక్కుండా, తన చుట్టూ తాను తిరక్కుండా ఆపేది ఆ పట్టే. సిమెంటులా బిగుసుకుపోను. నేల కాస్త కదిలితే నేనూ కదిలి మళ్లీ సర్దుకుంటాను. పట్టుకోవడమూ సర్దుకోవడమూ రెండూ వచ్చు కాబట్టే తొమ్మిదేళ్లు అక్కడున్నాను.

వెళ్లేముందు మేస్త్రి ఒక మాట చెప్పాడు: “అమ్మగారూ, ఏడాదికోసారి పొడి ఇసుక చల్లి ఊడవండి. అంతేనండి.” అమ్మగారు మొదటి ఆరేళ్లూ తప్పలేదు. ఆవిడ పెట్టే బియ్యప్పిండి ముగ్గుకు చీమలొచ్చేవి. వచ్చినవి సందులో గూడు కట్టి, నన్ను రేణువు రేణువుగా పైకి మోసేవి. గాలికి కొంత, వానకు కొంత పోయేదాన్ని. ఏటా ఆవిడ చేతి గుప్పెళ్లతో ఆ లోటు తీరేది. తర్వాత మోకాళ్లు ఆవిడ మాట వినలేదు. గుప్పెడు ఇసుక ఆగిపోయింది. మట్టి పేరుకుంది. గాలికొచ్చిన గింజలు ఆ మట్టిలో మొలిచి గరికయ్యాయి. చెట్టు నీడ పడే మూల పాకుడు పట్టింది. నేను తరిగిపోతూనే ఉన్నాను. ఎవరూ వంగి చూడలేదు.

సంక్రాంతికి వారం ముందు హైదరాబాదు నుంచి అబ్బాయి వచ్చాడు, ప్రెషర్ వాషర్ తీసుకుని. అమ్మ జారిపడుతుందేమోనన్న భయంతోనే తెచ్చాడు, మనసు మంచిదే. కానీ దాని ముక్కు సూదిలా సన్నగా ధార కొట్టేది. 100 బార్ల ఒత్తిడి, అంటే గోరంత చోట వంద కిలోల తోపు. నేలకు జానెడు దూరంలో, నిటారుగా, సరిగ్గా సందు వెంబడి నడిపాడు. మట్టి లేచింది, గరిక లేచింది, పాకుడు లేచింది. వాటితోపాటు నేనూ లేచాను. తొమ్మిదేళ్లుగా పట్టుకున్న గోడలు ఒక్క క్షణంలో చేయి జారిపోయాయి. బురదనీళ్లలో కొట్టుకుపోయి కాలువ అంచున పడ్డాను.

వాకిలి కొత్తదానిలా మెరిసింది. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపారు. ఎంత తెల్లబడిందో అన్నారు. బ్లాకుల మధ్య నల్లగా, వేలి గోరు దిగేంత లోతుగా కనిపిస్తున్న గీతల్ని ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం అమ్మగారే చేట తెచ్చి, “కాలవ పూడిపోద్దిరా” అంటూ నన్ను ఎత్తి ఈ చెట్టు మొదట్లో పోశారు.

ఆ రాత్రి కారు లోపలికి వచ్చింది. టక్కు టక్కు టక్కు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ చప్పుడు విన్నాను.

తర్వాతి ఏడాదంతా ఇక్కడ కూర్చుని విన్నాను. చక్రం ఎక్కినప్పుడల్లా బ్లాకులు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు పెట్లిపోయాయి. జూన్‌లో తొలకరి పడింది. ఖాళీ సందుల్లోంచి నీళ్లు సరాసరి పరుపులోకి దిగి, కింద ఉన్న మా అన్నల్ని కదిపాయి. చక్రాలు నడిచే రెండు బారులూ కుంగాయి. అక్కడ నీళ్లు నిలిచాయి, దోమలు చేరాయి. శ్రావణంలో ఒక ఉదయం అమ్మగారు ముగ్గు గిన్నెతో వస్తూ ఒక మూల బ్లాకు మీద కాలు మోపారు. అది ఊగింది. ఆవిడ గేటు పట్టుకుని నిలదొక్కుకున్నారు. గిన్నె పడింది, పిండి చెదిరింది. తెల్లటి పిండి మధ్య ఆవిడ కాసేపు కదలకుండా నిలబడిపోయారు. నేను గజం దూరంలో ఉన్నాను. ఏమీ చేయలేకపోయాను.

దసరా సెలవుల్లో అబ్బాయి సిమెంటు, ఇసుక కలిపి సందుల్లో పోసి నీళ్లు చిలకరించాడు. నెల తిరక్కముందే, ఊగే బ్లాకుల పక్కన అది పెచ్చులుగా పగిలింది. బ్లాకుల మొహాన కడిగినా పోని తెల్లటి మరక మిగిలింది.

మళ్లీ ధనుర్మాసం వచ్చింది. ఈసారి అమ్మగారు పాత మేస్త్రికి కబురుపెట్టారు. జుట్టు నెరిసింది గానీ మనిషి మారలేదు. వచ్చీ రాగానే వంగి, సందులో పుల్ల పెట్టి చూశాడు. “ఆయ్, కడగడం సగం పనండి బాబూ. సందు నింపడం మిగతా సగం. మీరు సగంలో ఆపేశారు,” అన్నాడు.

“మరి ఎలా కడగాలి మేస్త్రిగారూ?” అన్నాడు అబ్బాయి.

“ధార విసనకర్రలా పరుచుకునే ముక్కు పెట్టండి. అడుగు దూరం నుంచి, ఏటవాలుగా, సందుకి అడ్డంగా కొట్టాలండి. సందు వెంబడి కొడితే ఇసుకంతా లేచొచ్చేద్ది. ఎంత జాగ్రత్తగా కొట్టినా పైన కొంత పోద్ది. పోయినంతా మళ్లీ నింపాలి.”

పెచ్చుల్ని సన్న ఉలితో ఏరేశాడు. కుంగిన బారుల్లో బ్లాకులు పైకి తీసి, పరుపు సరిచేసి, మళ్లీ పేర్చాడు. రెండు రోజులు ఎండకు వదిలేశాడు. మూడోరోజు ఉదయమే అబ్బాయి చీపురు పట్టుకుంటే ఆపాడు. “మంచు ఆరలేదండి. తడి తగిలితే ఇసుక సందు నోట్లోనే ముద్దకట్టేద్ది. పైకి నిండినట్టు కనపడద్ది, కింద డొల్ల.” పదకొండు దాటాక, బ్లాకు మీద అరచెయ్యి ఆనించి చూసి మొదలుపెట్టాడు. పాలిమర్ కలిపిన ఇసుక వాడమంటారా అని అబ్బాయి అడిగితే, అది నీళ్లు తగలగానే గట్టిపడుతుందనీ, దాని పొడి బ్లాకు మీద కొంచెం మిగిలినా మరకై కూర్చుంటుందనీ, ఈ ఇంటికి మామూలు ఇసుక చాలనీ చెప్పాడు.

ఆ మాట విని నన్ను పిలుస్తాడనుకున్నాను. చెట్టు దగ్గరికి వచ్చాడు కూడా. గుప్పెట్లోకి తీసుకుని నలిపి చూశాడు. నాలో మట్టి ఉంది, గరిక గింజలున్నాయి, ఆకుల కుళ్లుంది. “ఇది పనికి రాదండి,” అని మెల్లగా కింద వదిలాడు. నిజమే చెప్పాడు. అయినా ఆ గుప్పెడు కిందపడుతున్నప్పుడు బాధపడలేదంటే అబద్ధం.

కొత్త ఇసుక వచ్చింది. మా గోదావరిదే, నాకంటే చిన్నది. చల్లారు, ఊడ్చారు, వైబ్రేటర్ కింద రబ్బరు షీటు కట్టి నడిపారు, మళ్లీ ఊడ్చారు. బ్లాకు అంచుకు 3 మిల్లీమీటర్లు కిందగా నిలిపి, మిగిలింది ఎత్తేశారు. చీపురు చివరి వరస అబ్బాయే ఊడ్చాడు, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో సందూ చూసుకుంటూ.

ఆ రాత్రి కారు వచ్చింది. గేటు తెరిచిన చప్పుడు, మళ్లీ మూసిన చప్పుడు. మధ్యలో ఏమీ వినబడలేదు. తెల్లారాక అమ్మగారు ముగ్గు గిన్నెతో దిగారు. మూల బ్లాకు దగ్గర ఆగి, కాలు మోపి, ఇంకోసారి మోపి చూసుకున్నారు. అది కదల్లేదు. ఆవిడ వంగి చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు.

మిగిలిన అర బస్తా ఇసుకను అబ్బాయి మూతి కట్టి, తడి తగలకుండా మెట్ల కింద ఇటుకల మీద పెట్టాడు. వచ్చే ఏటికని.