చీకటి పడిందని చెప్పేదాన్ని

నేను లైట్ మీటర్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను. నెత్తిన సగం కోడిగుడ్డు పెంకులాంటి తెల్ల బుడిపె, కింద అంకెలు కనపడే చిన్న అద్దం. అంతే నా ఒళ్లు. అంపైరు జేబులో, బంతులు లెక్కపెట్టే కౌంటరుకీ ఓ పాత బెయిల్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటాను. కౌంటరుకి పొద్దుటి నుంచీ చేతినిండా పనే. నాకు పొద్దు వాలేదాకా పని ఉండదు. పని పడిన రోజున మాత్రం మైదానమంతా నన్ను తిడుతుంది.

మా చోటు కీర్తిపుర్. కాఠ్మండుకి నైరుతిన, గుట్ట మీద నేవార్ల పాత పట్నం. అక్కడి త్రిభువన్ విశ్వవిద్యాలయ మైదానంలోనే నా కొలువు. పేరుకి అంతర్జాతీయ మైదానం. ఆ రోజుల్లో జనం కూర్చునేది గడ్డి గట్ల మీద. గట్లు నిండితే చెట్లెక్కేవాళ్లు. ఒక కొమ్మ మీద ఐదుగురిని చూశాను, ఆ కొమ్మ ఓపికే ఓపిక! ఫ్లడ్‌లైట్లు ఉండేవి కావు. పైగా పడమటి వైపున చంద్రగిరి కొండ. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా అటే దిగుతాడు. పంచాంగం సాయంత్రం ఐదు దాటాక అస్తమయం అంటుంది, కొండ అంతదాకా ఆగనివ్వదు. నేపాల్ గడియారం మీ గడియారం కంటే 15 నిమిషాలు ముందు నడుస్తుందిగానీ, ఆ పావుగంట నాకెప్పుడూ అక్కరకు రాలేదు.

2016 ఏప్రిల్‌లో నేపాల్ క్రికెట్ సంఘాన్ని ఐసీసీ సస్పెండ్ చేసింది, ప్రభుత్వ జోక్యం ఎక్కువైందని. ఇంటికి పెద్దదిక్కు పోయినట్టయింది. ఆటగాళ్లున్నారు, జనం ఉన్నారు, ఆడించేవాళ్లే లేరు. ఆ ఏడాదే ఆమిర్ అఖ్తర్ అనే ఆయన ఎవరెస్ట్ ప్రీమియర్ లీగ్ మొదలుపెట్టాడు. బోర్డు పెట్టింది కాదు, సొంతంగా నడిపిన లీగ్. మరుసటేడు దూరాన ధన్‌గఢీలో ఇంకో ప్రైవేటు లీగ్ లేచింది. 2018 మార్చిలో జింబాబ్వేలో పాపువా న్యూగినీని ఓడించి నేపాల్ వన్డే హోదా తెచ్చుకుంది. సంఘం మీద నిషేధం ఉండగానే హోదా వచ్చిందంటే చూడండి! 2019 అక్టోబరులోగానీ ఆ నిషేధం పోలేదు.

2018 డిసెంబరు నాటికి ఎవరెస్ట్ లీగ్‌లో ఆరు జట్లు. కాఠ్మండు కింగ్స్, లలిత్‌పుర్ పేట్రియట్స్, పోఖరా రైనోస్, చిత్వన్ టైగర్స్, భైరహవా గ్లాడియేటర్స్, బిరాట్‌నగర్ వారియర్స్. పేర్లు ఎక్కడెక్కడి ఊళ్లవో, చిత్వన్ అడవివి, పోఖరా సరస్సువి. ఆట మాత్రం అన్నిటికీ ఇక్కడే, ఈ ఒక్క గడ్డి మీదే. వేలం పాట, రంగు చొక్కాలు, బౌండరీ చుట్టూ ప్రకటనల బోర్డులు, ఐర్లండ్ నుంచి పాల్ స్టిర్లింగ్. అన్నీ తెచ్చారు. తేలేనిది వెలుగొక్కటే. రోజుకి రెండు మ్యాచ్‌లు వేస్తే, రెండోది నా నెత్తిన పడేది.

అలాంటి ఒక సాయంత్రం. పదహారో ఓవరు. అంపైరు నన్ను బయటికి తీశాడు. ఆయన బొటనవేలికి క్రీజు సున్నం అంటుకుని ఉంది, నా అద్దం మీద తెల్లగా మరక పడింది. రెండో అంపైరు వచ్చి వంగాడు. బ్యాటింగ్ చేస్తున్న కుర్రాడు పనున్నట్టు నడుచుకుంటూ వచ్చి ఆయన భుజం మీదుగా నా అంకెల్లోకి తొంగిచూశాడు.

“దాయీ, ఇంకొక్క ఓవరు” అన్నాడు. దాయి అంటే అక్కడ అన్నయ్య.

ఫలానా అంకె కంటే తగ్గితే ఆట ఆపాలని రాసిపెట్టి లేదు. వెలుతురు ప్రమాదకరంగా ఉందా లేదా అన్నది అంపైర్ల నిర్ణయమే, నేను సాక్షిని. అంపైరు ఫీల్డింగ్ కెప్టెన్‌ని పిలిచి, స్పిన్నర్‌తో వేయిస్తే కొనసాగిద్దామన్నాడు. ఫాస్ట్ బౌలర్ అప్పటికే రనప్ గుర్తు దగ్గర బంతిని తొడకి రుద్దుతున్నాడు. అతని ముఖం చూడాలి! టోపీ లాక్కుని విసవిసా డీప్ ఫైన్‌లెగ్‌కి వెళ్లిపోయాడు. అతని నాలుగు ఓవర్ల కోటాలో చివరిది నేనే మింగేశాను. రెండు ఓవర్ల తర్వాత మళ్లీ నన్ను తీశారు, బెయిల్స్ కూడా తీసేశారు. గట్ల మీది నుంచి ఈలలు. ఆ ఈలలు అంపైరుకా నాకా అని అడిగితే, నాకే అంటాను.

తర్వాత క్రిస్ గేల్ వస్తున్నాడన్నారు, పోఖరా తరఫున. 2020 మార్చిలో కరోనా వచ్చింది. లీగ్ వాయిదా పడింది, నేను సొరుగులో పడ్డాను. 2021 శరత్తులో మళ్లీ తీసేసరికి బ్యాటరీ చచ్చిపోయింది. ఆసారి షాహిద్ అఫ్రీదీ వచ్చాడు. అరవగా అరవగా జనం గొంతులు పోయాయి.

నాకు మర్యాద దక్కిన రోజు ఒకటుంది. 2023 మార్చి 16. లీగ్ కాదు, దేశం ఆట. ఎదురుగా యూఏఈ. ఆసిఫ్ ఖాన్ 41 బంతుల్లో సెంచరీ కొట్టాడు, వాళ్ల స్కోరు 310. చెట్లన్నీ మనుషులే. నేపాల్ 44 ఓవర్లకి 6 వికెట్లకి 269 చేసేసరికి చీకటి కమ్ముకుంది. ఆట ఆగింది. డక్‌వర్త్ లూయిస్ లెక్కన నేపాల్ 9 పరుగులతో గెలిచింది, ప్రపంచకప్ క్వాలిఫయర్‌కి నేరుగా వెళ్లింది. అంతకుముందు నన్ను చూసి ఈలలేసిన గట్లే ఆవేళ అంపైరు నన్ను తీసినప్పుడు గర్జించాయి. వెలుతురు అంతే తగ్గింది, నేను చేసింది అదే పని.

2024లో బోర్డే నేపాల్ ప్రీమియర్ లీగ్ పెట్టింది. ఎనిమిది జట్లు, కర్నాలీ యాక్స్‌కి శిఖర్ ధావన్. జనక్‌పుర్ బోల్ట్స్ గెలిచింది. ఆ మరుసటేడు మైదానం చుట్టూ ఫ్లడ్‌లైట్ స్తంభాలు లేచాయి.

మొదటిసారి అవి వెలిగిన సాయంత్రం అంపైరు అలవాటుకొద్దీ జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్లు నాకు తగిలాయి. సూర్యుడు చంద్రగిరి వెనక్కి జారాడు. ఫాస్ట్ బౌలర్ రనప్ చివర నిలబడి బంతిని తొడకి రుద్దుకుంటున్నాడు. అంపైరు కౌంటర్‌ని తీసి, ఒకసారి నొక్కాడు.